పదింటి ఫోన్

దేవానందం గారు రోజు మొత్తంలో మాట్లాడే మాటలు పొద్దున పదింటికే అయిపోయేవి. పది కొట్టగానే మెషిన్ రూములో ఫోన్ మోగేది.

"సార్, నా జాబ్ ఎంతదాంక వచ్చింది?"

అక్కడి పెద్ద కంప్యూటర్ మీద వేసిన లెక్కని జాబ్ అంటారు. "నలభై శాతం అయిందమ్మా. నిన్న కరెంటు పోయినా ఆగలేదు."

అంతే. ఆ తర్వాత సాయంత్రందాకా ఏసీ హోరు తప్ప మనిషి గొంతు వినపడదు. ఇంటికెళ్తే ఆ హోరూ లేదు. భార్య జ్ఞానమణి పోయి నాలుగేళ్లయింది.

ఏ.ఎస్. రావు నగర్‌లో ఆయన పనిచేసే కంపెనీకీ, ఊరికి ఆ చివరనున్న యూనివర్సిటీకీ మూడేళ్ల కిందట ఒప్పందం కుదిరింది. కంపెనీ తన పెద్ద కంప్యూటర్ ఇస్తుంది, యూనివర్సిటీ బుర్ర పెడుతుంది. మొదటిరోజు శాలువాలేమిటి, ఫోటోలేమిటి, జీడిపప్పు ప్లేట్లేమిటి! ఆ తర్వాత ఇటు తొంగిచూసిన నాథుడు లేడు. మిగిలింది ఇద్దరే. ఇక్కడ మెషిన్‌కి కాపలాగా దేవానందం, అక్కడ లెక్క రాసే, పదింటికి ఫోన్ చేసే కమలాబాయి. ఆమె డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ, నలభై దాటాక రీసెర్చిలో చేరిన మనిషి. తుఫాను తీరం దాటితే సముద్రం ఏ ఊరిదాకా వస్తుందో లెక్క కడుతోంది. దేవానందం పుట్టింది తుఫానులు తగిలే రేపల్లె దగ్గర. ఆ లెక్క విలువ ఆయనకి ఒకరు చెప్పనక్కర్లేదు.

సోమవారం ఆమె ఆఖరి జాబ్ పంపింది. రెండు రోజుల్లో అయిపోతుంది. నెలాఖరుకు ఒప్పందమూ అయిపోతుంది. ఇక పదింటికి ఫోన్ దేనికి?

ఏం చేస్తున్నాడో తెలిసే చేశాడు. ఆ జాబ్‌ని ఆపి ఉంచమని ఒక్క కమాండ్ కొట్టాడు.

మంగళవారం "జాబుల లైన్ పెద్దగా ఉందమ్మా" అన్నాడు. బుధవారం కంపెనీ పని ముందు పడిందన్నాడు. గురువారం నోటికొచ్చిందేదో అన్నాడు. "ఇంకేమన్న ఉన్నదా సార్?" అని అడిగి, ఆమె కాసేపు ఫోన్ పెట్టేయకుండా ఆగింది. సిగ్గుపడాల్సింది పోయి, అది ఆయనకి బాగుంది.

శుక్రవారం ఫోన్ మోగలేదు. పదకొండుకి మనిషే వచ్చింది. లింగంపల్లిలో ఎమ్ఎమ్‌టీఎస్ రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, బస్సు పట్టుకుని వచ్చింది. మూడేళ్లలో ఆమె ముఖం చూడటం ఇది రెండోసారి.

"కూర్చోండమ్మా," అని స్టూలు జరిపాడు.

"కూసోను సార్. సోమవారం రిపోర్టు ఇయ్యాలె. లేకుంటే ఇంకో ఏడాది ఆగాలె."

"లైన్లో ఇంకా..."

"ఆ లైన్ నా కంప్యూటర్ల సుత కనిపిస్తది సార్. నా జాబ్ ఒక్కటే ఉన్నది. ఆపినోళ్ల పేరు సుత ఉన్నది."

దేవానందం ఆమె కోసం జరిపిన స్టూలు మీద తనే కూర్చున్నాడు. "మరి ఇన్నాళ్లూ నన్నెందుకు అడిగారమ్మా?" అన్నాడు.

"మీరు ఒక్కరే ఉంటరని. మూడేండ్ల సంది నా కంప్యూటర్ల చూసుకున్నంకనే మీకు ఫోన్ చేస్తున్న." ఆమె గొంతు తగ్గింది. "ఈ మూడు దినాలు మాత్రం, మీరే చెప్తరేమో అని చేసిన."

"తప్పయిపోయిందమ్మా," అని ఆయన కీబోర్డు వైపు తిరిగి జాబ్ వదిలాడు. మళ్లీ తిరిగి చూసేసరికి ఆమె తలుపు దాకా వెళ్లిపోయింది.

ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే ఆయన ఎవరికీ వందనాలు చెప్పకుండా మెషిన్ రూముకి వచ్చి కూర్చున్నాడు. మధ్యాహ్నానికి జాబ్ పూర్తయింది.

సోమవారం పదయింది. పదీ పావయింది. దేవానందం ఒప్పందం ఫైలు తీసి, నంబరు వెతికి, మూడేళ్లలో మొదటిసారి తనే ఫోన్ చేశాడు. ఎవరో కుర్రాడు ఎత్తాడు.

"మేడం లేరు సార్. రిపోర్టు ఇయ్యనీకి పోయిన్రు."

"జాబ్ అయిందని చెప్పు బాబూ."

"మేడంకు ఎర్కనే సార్. నిన్ననే చూసుకున్నరు."