బావిలో పడ్డ గరిగె

మా అక్క బిడ్డ రాజేశ్వరి బడిలో పంతులమ్మ. బొమ్మలు బాగా వేస్తుంది. ఎనభై మూడులో ఎండాకాలం సెలవులకు సైకిళ్లు అద్దెకిచ్చే నా సైకిల్ టాక్సీ దుకాణానికి వచ్చి, చిన్నపిల్లలకు బొమ్మల పుస్తకం చేస్తున్నానంది. పాతకాలంలో ఉండి ఇప్పుడు కనబడకుండా పోతున్న పని ఏదైనా చెప్పమంది.

"నేను జేసే పని రాయి," అన్నాను.

"నువ్వేం పని జేత్తవ్ మామా?"

"అదే. ఏం జెయ్యకుంట పొద్దు గడుపుడు. ఎన్కట మస్తుమంది జేసేటోళ్లు."

నవ్వీ నవ్వీ, ఇక నిజం చెప్పమంది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న వలీ భాయ్‌ని చూపించాను.

శివనగర్‌కు నల్లాలు రాకముందు మా వాడలన్నిటికీ బావులే దిక్కు. తాడు తెగి బిందో బకెట్టో బావిలో పడితే ఆడవాళ్లు వలీ భాయ్ ఇంటికి ఉరికేవాళ్లు. ఆయన దగ్గర పాతాళ గరిగె ఉండేది. ఒక ఇనుప కడియం, దాని చుట్టూ వేలాడే కొక్కేలు. తాడు కట్టి నీళ్లలోకి వదిలి అడుగున తిప్పితే, ఏదో ఒక కొక్కేనికి బిందె మూతి తగులుకుంటుంది. మేమే తీసుకుంటామన్న వాళ్లకు గరిగె ఇచ్చేవాడు, కానీ ఊరికే కాదు. చెంబో బిందో కుదువ పెట్టాలి. గరిగె ఇంటికి వస్తేనే కుదువ ఇంటికి పోతుంది. తాడు మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. వాళ్ల చేత కాకపోతే ఆయనే వచ్చేవాడు. గట్టు మీద నిలబడి, కళ్లు మూసుకుని, తాడు కదుపుతూ "ఇది రాయి. ఇది బురద. ఆఁ, దొరికింది బిడ్డా నీ బిందె" అనేవాడు.

ఒకసారి ఆయన బీడీ ముట్టించుకోవడానికి అటు తిరిగినప్పుడు గరిగెకు నా పాత చెప్పు కట్టాను. వాడకట్టు ఆడవాళ్లందరూ చూస్తుండగా బావిలోంచి చెప్పు పైకి వచ్చింది. "గంగమ్మ తల్లి నీకు దావత్ పంపింది భాయ్" అన్నాను. అదే చెప్పుతో నన్ను రైలు స్టేషన్ దాకా తరిమాడు.

నల్లాలు వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. కాలు కూడా సరిగా పడటం లేదు. పొద్దంతా ఆ అరుగే.

రాజేశ్వరి కాగితాలు, పెన్సిళ్లు సర్దుకుని ఆయన ముందు కూర్చుంది. ఆయన భార్య అక్బరీ బేగం చాయ్ తెచ్చింది. వలీ భాయ్ ముఖం ఆ రోజు పెళ్లికొడుకు ముఖంలా ఉంది.

"ఏమేం తీసినవ్ తాతా బాయిలకెంచి?"

"బిందెలు, బకీట్లు, గొలుసు. ఓపాలి కోడిపుంజు. బతికే ఉండె, ఒడ్డుకు రాంగనే నన్నే పొడిచింది."

రాజేశ్వరి నవ్వుతూ రాసుకుంది. "ఇంకా?"

వలీ భాయ్ నా వైపు చూశాడు. ఆ గరిగె ఇంకేం తీసిందో నాకు తెలుసు. వాడలో ఎవరైనా బావిలో దూకితే, పోలీసుల కంటే ముందు ఆయన్నే పిలిచేవాళ్లు.

"పిల్లల పుస్తకానికి కోడిపుంజు సాలు బిడ్డా," అన్నాడు.

"మరి గరిగె సూపెట్టు తాతా, బొమ్మ గీసుకుంట."

"గరిగె బాయిల ఉన్నది."

వెనక వాడ మల్లక్క బట్టలు ఉతకడానికి ఇంకా పాత బావి నీళ్లే తోడుతుంది. నెల కింద ఆమె బకెట్టు పడింది. గరిగె తీసుకుపోయింది, కుదువగా ఇత్తడి బిందె పెట్టింది. ఆమె తాడు తెగి గరిగె కూడా బకెట్టు పక్కకే చేరింది.

"గుంజి సూస్కోవాలె తాడు అని ఎన్నిసార్ల జెప్పిన! ఇంటరా వీళ్లు?" అన్నాడు వలీ భాయ్. "కేసముద్రంల సారంగపాణి కాడ ఇంకో గరిగె ఉన్నది. దాంతోటి దీన్ని తీసుడే. ఎప్పుడైతేంది, బాయి యాడికి పోతది?"

ఆ మాట అన్న వారానికే మల్లక్క రొప్పుకుంటూ వచ్చింది. "వలీ భాయ్, బాయి పూడ్సుతాండ్లు! పోరడు పడబోయిండని అందరు గలిసి దరఖాస్తు వెట్టిండ్లట. ఎల్లుండి పొద్దుగాల ట్రాక్టర్లల్ల మొరం వత్తాంది."

వలీ భాయ్ చాయ్ కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"కొమురెల్లీ," అన్నాడు నాతో. "గరిగె ఉంటెనే నేను వలీని. లేకుంటె కాలు ఈడ్సుకుంట తిరిగే ముసలోణ్ణి. ఆ పిల్ల పుస్తకం జూసి ఎవలన్న పిలుత్తరేమో అనుకున్న. జర కేసముద్రం పోయి రా."

సారంగపాణికీ అదే కట్టు, కుదువ లేనిదే గరిగె ఇవ్వడు. వలీ భాయ్ ఇంట్లో మంచి ఇత్తడి సామాను ఏదైనా ఉందంటే మల్లక్క బిందె ఒక్కటే.

"అదే వట్టుకపోత," అన్నాను.

"పరాయి కుదువను కుదువ వెడ్తరార? నాశనమైపోతం."

అందుకని నా భార్య యాకమ్మ చూడకుండా మా ఇంటి పెద్ద బిందెను సంచిలో దూర్చి రైలెక్కాను. సారంగపాణి దానిమీద వేలితో కొట్టి చూసి, అటక మీద పెట్టి, గరిగె ఇచ్చాడు.

ట్రాక్టర్లు వచ్చే రోజు పొద్దున్నే బావి దగ్గర చేరాం. రాజేశ్వరి కూడా వచ్చింది, బొమ్మ గీసుకోవడానికి. మల్లక్క కొత్త నైలాన్ తాడు తెచ్చి పెట్టింది. నేనూ దుకాణంలోంచి ఒకటి తెచ్చాను. వలీ భాయ్ రెండింటినీ పక్కకు తోశాడు.

"నైలాన్ తాడుకు నోరుండదు. నార తాడైతె కింద ఏమున్నదో చేతికి జెప్తది."

ఇంట్లో కొయ్యకు ఎన్నేళ్లుగానో వేలాడుతున్న తన నార తాడు తెప్పించుకున్నాడు. దాన్ని చూడగానే ఆయన కాలు నొప్పి కూడా పోయినట్టుంది. నున్నగా నిమిరాడు. నిమిరాడే గానీ గుంజి చూడలేదు. మేమెవరమూ గుర్తు చెయ్యలేదు. వలీ భాయ్‌కి తాడు సంగతి చెప్పేవాడెవడు?

గరిగె దిగింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"బురద... రాయి... ఇది మల్లక్క బకీటు, వద్దు తల్లి, నిన్ను తర్వాత జూత్త..." ఒక్కసారి ఆయన గొంతు మారింది. "ఆఁ. ఇనుము. కొక్కానికి కొక్కెం వడ్డదిరా! నా గరిగెనే!"

"చెప్పు గాదు గద భాయ్?" అన్నాను.

"నోర్ముయ్యి, గుంజు!" అన్నాడు, నవ్వుతూనే.

ఇద్దరం గుంజాం. చాలా బరువుగా ఉంది. బురదంతా పట్టుకుని వస్తున్నట్టుంది. నీళ్లు కదిలాయి. నల్లటి నీళ్లలోంచి రెండు గరిగెలు ఒకదాన్నొకటి పట్టుకుని పైకి తేలాయి. రాజేశ్వరి అరిచింది, "కనవడ్డది తాతా, కనవడ్డది!"

తాడు చప్పుడు లేకుండా తెగింది. లోపలంతా ఎప్పుడో చివికిపోయి ఉంది. మేమిద్దరం వెల్లకిలా పడ్డాం. కింద నీళ్లలో ధభీమని శబ్దం వచ్చింది.

వలీ భాయ్ లేవలేదు. చేతిలో మిగిలిన తాడు కొస ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "గుంజి సూడలే," అన్నాడు. "కొమురెల్లీ, నేను గుంజి సూడలే."

మల్లక్క ఏడ్చింది. నేను సందు మొదట్లో ట్రాక్టర్‌కు అడ్డంగా నిలబడ్డాను. ఇంకో గరిగె తెస్తామని చెప్పాను.

"యాడ ఉన్నది?" అడిగాడు డ్రైవర్.

చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. ఆ రెండే మిగిలాయి, రెండూ బావిలోనే ఉన్నాయి. మొరం పడుతుంటే వలీ భాయ్ గట్టు మీదనే కూర్చున్నాడు. అక్బరీ బేగం వచ్చి చేయి పట్టుకుంటేనే లేచాడు.

ఆ సాయంత్రం ఆయన మల్లక్క బిందెను చింతపండుతో తోమి, తానే మోసుకుపోయి ఆమె గుమ్మంలో పెట్టాడు.

"గరిగె రాకుంట కుదువ ఎట్ల ఇత్తవ్ భాయ్?" అంది మల్లక్క.

"ఇగ రాదు గద," అన్నాడు.

మా బిందె కేసముద్రంలోనే ఉండిపోయింది. యాకమ్మ నన్ను ఎన్నాళ్లు తిట్టిందో చెబితే ఇంకో పుస్తకం అవుతుంది.

రాజేశ్వరి పుస్తకం చలికాలంలో అచ్చయింది. గరిగెను నీళ్ల మీద ఒక్క క్షణమే చూసింది కదా, బొమ్మలో అది గొడుగు ఊచల్లా వచ్చింది. వలీ భాయ్ మాత్రం అచ్చం వలీ భాయే. చివరి పేజీలో గట్టు మీద నిలబడి నవ్వుతూ గరిగె పైకి లాగుతుంటాడు.

"ఏం రాసిన్రు, సదువు," అన్నాడు వలీ భాయ్, పుస్తకం నా చేతికిచ్చి. నా చదువు ఐదో తరగతి. కూడబలుక్కుంటూ చదివాను: "మీ బిందె బావిలో పడితే వలీ తాతను పిలవండి."

పుస్తకం మూసి ఆయన ఒళ్లో పెట్టాను.

సంక్రాంతి దాటాక రంగశాయిపేట నుంచి మొగిలమ్మ అనే ఆమె బిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ల వాడకు నల్లా ఇంకా రాలేదు. బిడ్డ చంకలో రాజేశ్వరి పుస్తకం, మొగిలమ్మ చేతిలో కుదువ పెట్టడానికి చెంబు.

"బకీటు వడ్డదమ్మా. గరిగె వలీ ఇల్లు ఇదేనా?"

అక్బరీ బేగం అరుగు మీద ఉన్న మనిషి వైపు చూసింది.

"లేడు," అన్నాడు వలీ భాయ్. "గాయన లేడమ్మా."

ఆ పిల్ల చివరి పేజీ తీసి బొమ్మను చూసింది, ఆయన్ని చూసింది.

"గీ తాతే గదనే అమ్మా?"

"కాదు బిడ్డా," అన్నాడాయన. "నేను కాదు."

మొగిలమ్మ చెంబు కొంగు కింద పెట్టుకుని బిడ్డను లాక్కుపోయింది. ఆ పిల్ల సందు మలుపు దాకా వెనక్కి తిరిగి తిరిగి చూసింది. వలీ భాయ్ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.