వేలెడు తీసివేత

మా గురువుగారు ఒక్క ప్లైవుడ్ షీటులో రెండు మంచాలూ ఒక ఉయ్యాలా తీసి, మిగిలిన ముక్కను దుకాణానికి తిరిగి పంపించారట. దుకాణదారు కొలిచి చూస్తే అది అమ్మినప్పటికంటే జానెడు పెద్దగా ఉందట. నేను కళ్ళారా చూడలేదు. నమ్మినవాళ్ళందరికీ చెప్పింది మాత్రం నేనే.

అంతటి పరంపరలోంచి వచ్చిన మా వర్క్‌షాపులో షీట్ల మీద ముక్కలు సర్దే పని మా బావమరిదిది. చెవి మీద ఎప్పుడూ సుద్ద ఉంటుంది కాబట్టి అందరికీ వాడు సుద్దముక్క. కొలతలు తీసి నోటుబుక్కులో రాయడం నా వంతు. ఆ కొలతలు చూసి, దేని పక్కన ఏది పడితే చెక్క తక్కువ వృథా అవుతుందో షీటు మీద గీసి, కోత మిషనుకు పంపడం వాడి వంతు. ముప్పై ఏళ్ళలో మేం చేసిన బీరువా ఒక్కటీ వెనక్కి రాలేదు. అదంతా నా టేపు మహిమేనని నేనూ ఊళ్ళో గట్టిగానే చెప్పుకునేవాణ్ణి.

మా అమ్మాయి చదువు ముగించి వర్క్‌షాపు చేతిలోకి తీసుకున్న మూడో వారంలో కంప్యూటరు వచ్చింది. అందులోని సాఫ్ట్‌వేరుకు ముక్కల కొలతలు ఇస్తే చాలు, వాటిని అటు తిప్పి ఇటు తిప్పి, సందుల్లో ఇరికించి, షీటు బొమ్మ గీసి చూపిస్తుంది. సెలవుల్లో బస్సెక్కిన జనాన్ని సర్దే కండక్టరు కూడా దాని ముందు దిగదుడుపే.

"నాన్నా, ఇక సుద్దతో పనిలేదు. మావయ్యను గోదాము చూసుకోమందాం."

గోదాములో చూసుకోవడానికి ఉన్నవి రెండే, ఒక తాళమూ ఒక పిల్లీ.

"ఒరే, విన్నావా?" అన్నాను.

"విన్నాను బావా. ఆ పిల్లికి నేనంటే పడదు," అన్నాడు వాడు. నవ్వాడు గానీ చెవి మీది సుద్దను తీసి జేబులో పెట్టుకున్నాడు.

వాడి మీద జాలికంటే మా ఆవిడ మీద భయమే నాకు ఎక్కువ. తమ్ముణ్ణి పిల్లికి కాపలా పెట్టానని తెలిస్తే నేనూ ఆ గోదాములోనే పడుకోవాలి. అందుకే పందెం పెట్టాను. ఒక మందుల షాపులో గోడ నిండా అరలూ సొరుగులూ చేయాలి, మొత్తం నూట నలభై ముక్కలు. సుద్దముక్క కంటే కంప్యూటరు తక్కువ షీట్లలో సర్దితే వాడు గోదాముకు. లేదంటే మునుపటిలాగే మిషను దగ్గరే.

కంప్యూటరు కన్ను మూసి తెరిచేలోగా ఎనిమిది షీట్లంది. సుద్దముక్క రెండు పూటలు షీట్ల మీద గొంతుక్కూర్చుని గీసి, ఏడన్నాడు.

"కుదరదు మావయ్యా! నాన్న రాసిన ముక్కలన్నీ కరిగించి పోసినా ఏడింటిలో పట్టవు. లెక్క చూడు."

"పట్టాయి కదమ్మా. కోశాను కూడా."

కోసిన కట్ట చూపించాడు. నా ఛాతీ గుమ్మడికాయంత పొంగింది. ఊరంతా తిరిగి చెప్పడానికి చెప్పులు వేసుకుంటున్నాను, ఇంతలో మా అమ్మాయి టేపు తీసి ఒక అరపలకను కొలిచింది. ఇంకోటి కొలిచింది. ఇంకోటి.

"అన్నీ వేలెడు తక్కువే! మావయ్యా, నువ్వు గెలవడానికి ముక్కలు చిన్నవి చేశావా?"

సుద్దముక్క ఆ అరపలకలను మళ్ళీ కట్టలో సర్దసాగాడు. నేను మాత్రం ఊరుకోలేదు. "ఒరేయ్, ముప్పై ఏళ్ళ పరువురా! షాపువాడికి ఏం చెప్పను? మందుల డబ్బాలు కూడా చిన్నవి చేయించుకోమననా?"

"ఒకసారి తీసుకెళ్ళి పెట్టి చూద్దాం బావా," అన్నాడు వాడు నేలచూపులు చూస్తూ.

ముగ్గురం పలకలు పట్టుకుని షాపుకు వెళ్ళాం. రెండు గోడల మధ్య ఒక పలక ఆనించాను. తల్లి ఒడిలో బిడ్డలా సర్దుకుంది. రెండోదీ అంతే. మా అమ్మాయి గోడకూ గోడకూ మధ్య టేపు సాగదీసింది, నా నోటుబుక్కు తెరిచింది, నా వైపు చూసింది.

"నాన్నా, నువ్వు ఎక్కువ రాశావా?"

"రాయనా మరి! పెద్దదైతే చెక్కుకోవచ్చు, చిన్నదైతే సాగదీస్తామా? వీడు పనికి వచ్చిన కొత్తలో అన్నీ పొట్టిగా కోసేవాడు. అందుకని అప్పటినుంచీ ప్రతి కొలతకీ వేలెడు కలిపి రాస్తున్నాను. వీడికి చెప్తే అలుసైపోతానని చెప్పలేదు."

"నాకు రెండో ఏడే తెలిసింది," అన్నాడు సుద్దముక్క. "చెప్తే బావ చిన్నబుచ్చుకుంటాడని, ఆ వేలెడు తీసేసి కోస్తున్నాను."

ముప్పై ఏళ్ళు నేను ఒక అబద్ధం రాశాను, వాడు ఒక అబద్ధం కోశాడు. రెండూ కలిసి ఊరికి నిఖార్సైన బీరువాలయ్యాయి. పాపం ఆ కంప్యూటరు ఒక్కటే నన్ను నమ్మింది.

తిరిగి రాగానే మా అమ్మాయి అన్ని కొలతల్లోంచీ వేలెడు తీసి మళ్ళీ ఎక్కించింది. కంప్యూటరు ఆరున్నర షీట్లంది.

"పందెం పోయింది కదమ్మా," అని సుద్దముక్క గోదాము తాళం కోసం చెయ్యి చాపాడు.

"ఉండు మావయ్యా. ఇక ముందు కూడా వేలెడే తీయాలా?"

"అలా ఎలా కుదురుతుంది? రోజును బట్టి. అక్కతో పోట్లాడి వచ్చిన రోజు ఏమీ తీయకూడదు. ఆ కోపంలో బావ ఉన్నదున్నట్టు రాస్తాడు. మామూలుగా ఉంటే వేలెడు. ఎవరైనా పొగిడారా, వేలున్నర."

"నేను సరిగ్గానే రాస్తాలే ఇకనుంచి!" అని అరిచాను.

"అలా అన్న రోజు రెండు వేళ్ళు," అన్నాడు.

మా అమ్మాయి సాఫ్ట్‌వేరంతా వెతికింది. షీటు మందానికి గడి ఉంది, రంపం మందానికి గడి ఉంది, తండ్రి ముఖానికి గడి లేదు. చివరికి తాళం సొరుగులో పడేసి, కంప్యూటరు పక్కన ఇంకో కుర్చీ వేసింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే నేను నోటుబుక్కు తీసుకుని లోపలికి రాగానే సుద్దముక్క ఆ కుర్చీలోంచి నన్ను పెళ్ళిచూపులు చూసినట్టు చూసి, ఒక అంకె చెప్తాడు. మా అమ్మాయి దాన్ని ఎక్కిస్తుంది. మొన్న వాణ్ణి ఓడించాలని, సరైన కొలతే రాసి, ముఖం నిండా నవ్వు పులుముకుని వెళ్ళాను.

వాడు తల కూడా పూర్తిగా ఎత్తలేదు. "నటిస్తున్నాడమ్మా. ఇవాళ ఏమీ తీయకు."