పదిహేడుసార్లు చచ్చిన చాసిబ్

చాసిబ్ ఇప్పటికి పదిహేడు సినిమాల్లో చచ్చాడు. అన్నీ ఇరాన్-ఇరాక్ యుద్ధం సినిమాలే, అన్నింట్లోనూ శత్రువు వేషమే. ఇరాన్ సరిహద్దు ఊరైన ఖొర్రమ్‌షహర్‌లో చేపలు అమ్ముకునే మనిషికి ఇదేం ఖర్మ అంటారా? అరబ్బీ గడగడా మాట్లాడతాడు, పైగా మూతి మీద ఇంత లావు మీసం. టెహ్రాన్ నుంచి దిగే సినిమావాళ్లకి ఇంకేం కావాలి! ఉత్త మీసం కనబడితే ఇరాకీ, గడ్డం కనబడితే మనవాడు. వాళ్ల లెక్క అంతే. అసలు యుద్ధం మొదలైనప్పుడు, పందొమ్మిదేళ్ల వయసులో, ఇదే ఊరిని కాపాడటానికి తుపాకీ పట్టినవాడివి కదా అని ఒక్కడంటే ఒక్కడు అడిగిన పాపాన పోలేదు.

వాళ్లమ్మ నోరియాకి ఆ వేషాలంటే ఒళ్లుమంట. కొడుకు సినిమా ఆడినప్పుడల్లా చాదరు కప్పుకుని హాలుకి వెళ్లేది. చాసిబ్ గాల్లోకి ఎగిరి పడగానే జనం ఈలలు వేసేవారు. ఆవిడ ఏడుస్తూ ఇంటికొచ్చేది.

"ఒరేయ్, నిజం యుద్ధంలోంచే ప్రాణాలతో తిరిగొచ్చావు కదరా! ఈ ఉత్తుత్తి యుద్ధంలో నీకెందుకురా ఇన్ని చావులు? నేను కళ్లు మూసేలోగా ఒక్కసారి మనవాళ్ల వైపు నిలబడి బతకరా నాయనా!"

ఎన్నాళ్లని వింటాడు? ఎనిమిదేళ్ల యుద్ధం ముగిసిన పదిహేనేళ్లకి, డైరెక్టరు బెహ్రాద్ మళ్లీ ఊళ్లోకి రాగానే కాళ్లావేళ్లా పడ్డాడు.

"నిన్ను మనవాడంటే ఎవడయ్యా నమ్ముతాడు?" అన్నాడు బెహ్రాద్.

"గడ్డం పెంచుతానండీ. ఒక్క అవకాశం ఇప్పించండి."

రెండు నెలల్లో గడ్డం గుబురుగా పెరిగింది. వేషం దొరికింది. కందకంలోంచి లేచి, ఖర్జూర తోటకి అడ్డంపడి పరుగెత్తి, కాలవగట్టు ఎక్కి జెండా పాతాలి. అంతే. పాతి, బతికి ఉండాలి!

షూటింగు రోజు పొద్దున్నే నోరియా కూడా వచ్చి, జనాన్ని ఆపడానికి కట్టిన తాడు వెనకాల నిలబడింది. ఎదుటి కందకంలో ఇరాకీ వేషాల్లో ఉన్నవాళ్లంతా చాసిబ్ పాత జట్టే.

"ఏం బావా, అటువైపు చేరిపోయావా?" అని అరిచాడు వాళ్లలో ఒకడు. "కాస్త మెల్లిగా కాల్చు, ఇంటి దగ్గర పెళ్లాంపిల్లలున్నారు!"

"నోరుముయ్యి! పదిహేడు చావుల కసి ఉంది నా దగ్గర!" అన్నాడు చాసిబ్.

బెహ్రాద్ మాత్రం నవ్వలేదు. "చాసిబ్, ఒక్కటే షాట్. ఉన్న మందుగుండంతా పాతేశాం, రెండోసారి చెయ్యడానికి ఇంక లేదు. పాడు చేశావా, నీ వేషం కోసి పారేస్తాను."

యాక్షన్ అన్నారు. లేచాడు, పరుగెత్తాడు. అబ్బ, ఏం పరుగు! సగం తోట దాటాడో లేదో, పక్కనే మొదటి మందు పేలింది.

ఇంకేముంది! అలవాటు ఊరికే పోతుందా? మోకాళ్లు వాటంతటవే మడత పడ్డాయి, ఒళ్లు ఓ చుట్టు తిరిగింది, చాసిబ్ శుభ్రంగా చచ్చి బోర్లా పడ్డాడు. నోట్లోకి ఇసుక వెళ్లాక గానీ ఏం చేశాడో తెలిసిరాలేదు. పోనీ లేద్దామా అంటే, సినిమాల్లో చచ్చేవాళ్లకి ఉన్నది ఒకటే శాస్త్రం: చచ్చాక, కట్ అనేదాకా కదలకూడదు. కన్నీళ్లు మింగుకుంటూ అలాగే పడి ఉన్నాడు పిచ్చి మారాజు. బెహ్రాద్ తల పట్టుకుని కూలబడ్డాడు, కట్ అనడం కూడా మరిచిపోయాడు. కెమెరా తిరుగుతూనే ఉంది.

అప్పుడు లేచింది ఒక కేక.

"ఒరేయ్ చాసిబూ! నిన్ను చావమని ఎవడు చెప్పాడురా? లే! లేవరా నాయనా, లే!"

తల్లి మాట ముందు ఏ శాస్త్రం నిలుస్తుంది? నలభై రెండేళ్ల చాసిబ్ చివాలున లేచాడు. తూలుతూ పరుగెత్తాడు, గట్టెక్కాడు, జెండా పాతి, ఏడుస్తూ నవ్వుతూ నిటారుగా నిలబడ్డాడు. ఎదుటి కందకంలోని శత్రువులు తామెవరో మరిచిపోయి కేరింతలు కొట్టారు.

సౌండు చూసే మనిషి చెవుల మీది హెడ్‌ఫోన్లు తీశాడు. "సార్, ముసలమ్మ కేక మొత్తం పడింది. చెరిపేయనా?"

బెహ్రాద్ నోరియా దగ్గరికి నడిచాడు. "షాట్ బ్రహ్మాండంగా వచ్చిందమ్మా. కానీ యుద్ధం మధ్యలోకి అమ్మ గొంతు ఎలా వస్తుంది చెప్పు?"

"ఎలా వస్తుందా? అప్పటి యుద్ధంలో పడిపోయిన ప్రతి పిల్లాడూ ఎవర్ని పిలిచాడనుకున్నావు నాయనా? వాళ్లు పిలిస్తే మేం పలకలేకపోయాం. ఇవాళ పలికాను. తప్పా?"

బెహ్రాద్ కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగాడు. "చెరపకు. ఒక్క ముక్క కూడా చెరపకు."

చాసిబ్ గట్టు దిగి, గడ్డం నిండా ఇసుకతో బెదురుతూ దగ్గరికొచ్చాడు. "సార్... మరి నేను బతికున్నట్టేనా?"

"బతికావయ్యా బాబూ," అన్నాడు బెహ్రాద్. "మీ అమ్మ చావనిస్తేగా!"