ఆఖరున వచ్చినవాడి పేరు

తమ్ముడి సంచిలో అన్నిటికంటే అడుగున పెట్టేది తువ్వాలు. తెల్ల తువ్వాలు, ఒక అంచున ఐదు రంగుల్లో ఐదు వలయాలు. ముప్ఫై ఆరేళ్లుగా వాడు ఏ పోటీకి బయలుదేరినా దాన్ని నాలుగు మడతలు పెట్టి, వలయాలు పైకి కనబడేలా పరుస్తాను. దానిమీద ఈత నిక్కర్లు రెండు, నీళ్లలో పెట్టుకునే కళ్లద్దాలు, రబ్బరు టోపీ, రెండు జతల బట్టలు, బీపీ మాత్రలు. ప్రయాణం మూడు రోజులే. మాత్రలు పది రోజులకి పెట్టాను.

 బీరువా తలుపు లోపలి వైపు పెన్సిలుతో రాసి ఉంచుతాను, ఎవరు ఏ రోజు వెళ్లారో, ఏ రోజు వచ్చారో. కొన్ని పేర్ల పక్కన ఒక్క తారీఖే ఉంది. నాన్నది అలాంటిదే, అక్షరాలు వచ్చాక గుర్తుచేసుకుని రాసుకున్నాను. మా ఆయనదీ అంతే.

ఆ వేళ శనివారం. కార్తీక పౌర్ణమి మర్నాడు. మా తమ్ముడు దక్షిణామూర్తి పదకొండు గంటల బస్సుకి విశాఖపట్నం వెళ్లాలి. అక్కడ పెద్దవాళ్ల ఈత పోటీలు. పాతికేళ్లు దాటినవాళ్ల దగ్గర్నించి ఎనభై ఏళ్లవాళ్ల దాకా వయసుల వారీగా ఈదుతారు. మాస్టర్స్ అంటారట. వాడికి యాభై ఆరు. రోలుగుంట రోడ్డులో ఉన్న ఈతకొలనులో పిల్లలకీ పెద్దలకీ నేర్పుతాడు. ఊళ్లో ఎవర్నడిగినా వాడి పేరు చెప్పరు. ఒలింపిక్ మాస్టారు అంటారు.

ఆ పేరు 1988లో వచ్చింది. ఆగస్టులో వాణ్ని ఢిల్లీకి పిలిచారు. అక్కడ చివరి ఎంపిక, ఎంపికైతే సియోల్‌లో ఒలింపిక్స్. బస్టాండులో మెడనిండా దండలు వేశారు. వారం తర్వాత వాడి దగ్గర్నించి ఒక ఇన్లాండు ఉత్తరం వచ్చింది. పెదనాన్న కొడుకు శ్రీరామ్ చదివి వినిపించాడు. ఎంపికయ్యానని, ఇంక ఉత్తరాలు రాయడం కుదరదని తమ్ముడు రాశాడు.

శ్రీరామ్ చదివాడు అన్నాను కదా. నాకు అప్పటికి చదువు రాదు. అమ్మ పెళ్లిళ్లకి వంట చెయ్యడానికి వెళ్తే తమ్ముణ్ని చూసుకునేది నేను. నాకు బడి లేదు. వాడు సియోల్ వెళ్లాడనగానే వాడి పేరు పేపర్లో నా కళ్లతో నేను చూసుకోవాలనిపించింది. శ్రీరామ్ చేత ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో వాడి పేరు రాయించుకున్నాను. ఆ అట్టముక్క పక్కన పెట్టుకుని, కిరాణాకొట్లో అడిగి తెచ్చిన పేపర్లో ఆటల పేజీ అంతా వేలు పెట్టి వెతికేదాన్ని. 'క్షి' అన్న అక్షరం ఎంత చిన్నగా ఉన్నా పట్టుకునేదాన్ని. వాడి పేరు మాత్రం దొరకలేదు. నాకు చదవడం సరిగా రాక దొరకడం లేదనుకున్నాను. అందుకని ఇంకా నేర్చుకున్నాను. అలా వచ్చింది నా చదువు.

ఆ సెప్టెంబరులోనే అమ్మ మంచాన పడింది. మూడు రోజులు ఒకటే మాట.

"మూర్తిని పిలవ్వే."

"ఆడు సముద్రం అవతల ఉన్నాడమ్మా."

"నాకు బాగోలేదంటే రాడేటే?"

పోస్టాఫీసుకి వెళ్లాను. ఢిల్లీ చిరునామాకి టెలిగ్రాం ఇస్తే వాళ్లు కబురు అందిస్తారని పోస్టుమాస్టరు చెప్పి, కాగితం రాసి ఇచ్చారు కూడా. దాన్ని చేత్తో పట్టుకుని బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను. దేశం తరఫున ఈదుతున్నవాడికి ఈ కబురు చేరితే చేతులు ఆడతాయా? కాగితం మడిచి కొంగున కట్టుకుని ఇంటికి వచ్చేశాను. ఇరవై ఆరో తారీఖున అమ్మ పోయింది. తలకొరివి శ్రీరామ్ పెట్టాడు. తమ్ముడు అక్టోబరు తొమ్మిదిన ఈ తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు.

"మొదటి రౌండు హీట్స్‌లోనే ఆఖరున వచ్చానక్కా," అన్నాడు. "ఆఖరున వచ్చినోళ్ల పేర్లు పేపర్లో ఎయ్యరు."

నేను నమ్మాను. ఆఖరున వచ్చానని ఎవరైనా అబద్ధం చెబుతారా? టెలిగ్రాం ఇవ్వకపోవడం తప్పు కాదని అప్పట్నించీ నాకు నేను చెప్పుకుంటూ వస్తున్నాను. వాడు అక్కడ ఈదాడు కాబట్టే అది తప్పు కాదు.

మూడు వారాల కిందట ఈత సంఘం కార్యదర్శి మౌళి పోటీ ఫారం తెచ్చి ఇచ్చాడు. తమ్ముడు నింపి బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లాడు. చదవడం అలవాటు కదా, చదివాను. 'గతంలో ఒలింపిక్స్‌లో పాల్గొన్నారా? ఏ సంవత్సరం?' అన్న గడి ఖాళీగా ఉంది. వాడెప్పుడూ అంతే, గొప్ప చెప్పుకోడు అనుకున్నాను. పెన్ను తీసి 'అవును, 1988, సియోల్' అని నా చేత్తో రాశాను. మౌళి సాయంత్రం వచ్చి పట్టుకెళ్లాడు. తమ్ముడికి చెప్పలేదు. అక్కడ సన్మానం చేస్తే తెలుస్తుంది కదా, అప్పుడు నన్ను కసురుకుంటాడులే అనుకుని లోలోపల నవ్వుకున్నాను.

సంచి జిప్పు వేస్తుండగా గేటు చప్పుడైంది. మౌళి. వెనక ఎవరో ఆవిడ, నలభై ఐదేళ్లుంటాయి, జుట్టు పొట్టిగా, భుజాలు వెడల్పుగా.

"పిన్నిగారూ, కాఫీ పెట్టండి. వైజాగ్ నుంచి పెద్దోళ్లొచ్చారు. మన మాస్టారికి శాలువా కప్పడానికి కొలతలు తీసుకుంటారట!"

ఆవిడ నవ్వలేదు. "నా పేరు ఫణిశ్రీ అమ్మా. పోటీలు జరిపించే కమిటీలో ఉన్నాను. పౌర్ణమికి అత్తగారింటికి ఎస్. రాయవరం వచ్చాను. మాస్టారు ఫోన్ ఎత్తడం లేదు. దారే కదా అని వచ్చాను."

"ఆడు ఫోన్ ఎత్తడమ్మా, నీళ్లలోనే ఉంటాడు. కూచో."

ఆవిడ కూర్చుని సంచిలోంచి కాగితాలు తీసింది. "మా పోటీలకి ఒలింపిక్స్‌లో ఈదినవాళ్లు ఎవరైనా వస్తే ప్రారంభంలో గౌరవిస్తాం. దానికి ముందు పేరు సరిచూసే పని నాది. కొందరు సెలెక్షన్ దాకా వెళ్లి, తర్వాత ఒలింపిక్స్‌కే వెళ్లామని చెప్పుకుంటుంటారు. మాస్టారి పేరు ఒలింపిక్స్ జాబితాల్లో దొరకలేదు. ఇంటిపేరుతో చూశాను, పేరు వెనకా ముందూ చేసి చూశాను. అప్పట్లో ఇంకో పేరు ఏదైనా ఉండేదా?"

"ఒకటే పేరు. ఆడు ఆఖరున వచ్చాడమ్మా. అందుకని ఎయ్యలేదేమో."

ఆవిడ నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. జబ్బు సంగతి చెప్పబోయే డాక్టరు అలా చూస్తాడు.

"ఆఖరున వచ్చినవాళ్ల పేరు కూడా ఉంటుందమ్మా. ఏ హీట్‌లో, ఏ లేన్‌లో ఎవరు ఈదారు, ఎన్ని సెకన్లు పట్టింది, అన్నీ ఉంటాయి. నీళ్లలో దిగకుండా వచ్చేసినవాళ్ల పేరు కూడా ఉంటుంది."

మౌళి గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. కాఫీ పెట్టమని మళ్లీ అనలేదు.

బయట స్కూటరు ఆగింది. తమ్ముడు తడిజుట్టుతో లోపలికి వచ్చాడు. "ఏటక్కా, ఇంకా సంచి కాలేదా? బస్సు... ఎవరండీ?"

ఫణిశ్రీ లేచి నిలబడి నమస్కారం పెట్టింది. వచ్చిన పని చెప్పింది. ఆ తర్వాత చాలా మెల్లగా అడిగింది. "సియోల్‌లో మీ ఈవెంట్ ఏది మాస్టారూ?"

"ఆ గడి నేను నింపలేదండి," అన్నాడు వాడు.

"నేను నింపానురా," అన్నాను.

వాడు నా వైపు తిరగలేదు.  ఫణిశ్రీ కాగితాలు సంచిలో పెట్టుకుంది.

"ఆ గడి కొట్టేస్తాను. మీరు ఈదడానికి అడ్డేమీ లేదు. మీ టైమింగ్ బాగుంది, మెడల్ వచ్చినా రావచ్చు. నేను ఎవరికీ చెప్పను." గుమ్మం దగ్గర ఆగి నాతో, "అమ్మా, వస్తాను," అంది.

మౌళి వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగాడు. "మావోడు నీళ్లంటే బయపడి ఏడిస్తే, ఒలింపిక్స్‌లో ఈదినాయన పట్టుకుంటాడురా, మునగవు అని సెప్పి దింపాను మాస్టారూ." 

వాళ్లు వెళ్లాక నేను సంచి ముందు కూర్చున్నాను. వాడు గోడకి ఆనుకుని నేలమీద చతికిలబడ్డాడు.

"ఎక్కడున్నావు?"

"ఢిల్లీలో మూడో రోజే పొమ్మన్నారక్కా. ఉత్తరం అప్పటికే డబ్బాలో పడేశాను. ఎంపికవుతాననే అనుకున్నాను."

"ఆ తర్వాత ఎక్కడున్నావు?"

"మెడలో అన్ని దండలు ఏసి పంపారు. ఏ మొకం ఎట్టుకుని బస్సు దిగమంటావు?"

"నేనడిగింది అది కాదు."

"వైజాగ్‌లో. అల్లిపురంలో ఒక స్నేహితుడి గదిలో."

విశాఖపట్నం. బస్సెక్కితే మూడు గంటలు. సముద్రం అవతల అని నేను అమ్మకి చెప్పినప్పుడు వాడు సముద్రానికి ఇవతలే, అన్నం తిని పడుకుని ఉన్నాడు.

"తువ్వాలు?"

"పూర్ణామార్కెట్లో కొన్నాను. వలయాలు ఒకడి చేత అద్దించాను."

నేను వెయ్యాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అది అడగకుండా వాణ్ని బస్సెక్కించెయ్యాలనిపించింది. నోరు ఆగలేదు.

"అమ్మ సంగతి నీకు ఎప్పుడు తెలిసింది?"

వాడు అరచేతులు చూసుకున్నాడు. నీళ్లలో నాని ముడతలు పడి ఉన్నాయి. "మన ఊరి బస్సు కండక్టరు దేవుళ్లు బస్‌స్టేషన్లో నన్ను సూసీశాడు. మీ యమ్మకి బాగోలేదురా, నువ్విక్కడున్నావేటి అన్నాడు. ఎవరికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాను."

"ఎప్పుడు?"

"ఇరవై నాలుగో తారీఖు."

"ఇంకా రెండు రోజులుంది."

"ఆటలు అవ్వకుండా ఎలాగొస్తానక్కా?" వాడి గొంతు పెద్దదైంది, న్యాయం అడుగుతున్నవాడిలా. "అక్టోబరు రెండు దాకా ఉన్నాయి కదా. మధ్యలో వస్తే ఊరికి తెలిసిపోదా? అయ్యేదాకా ఆగాను. అయ్యాక కూడా వారం ఆగాను, విమానం, రైలు అన్నీ లెక్కేసుకుని."

దేవుళ్లు పోయి పదేళ్లైంది. ఆయన ఎప్పుడు మా గుమ్మం ముందు నుంచి వెళ్లినా నన్ను చూసి తల దించుకునేవాడు. నన్ను చూస్తే ఎందుకో మొహమాటపడతాడు పాపం అనుకునేదాన్ని.

టెలిగ్రాం ఇచ్చి ఉంటే వాడు అక్కడ లేడని ఢిల్లీవాళ్లు ఆ రోజే చెప్పేవాళ్లు. ఇవ్వలేదు. వాడి అబద్ధాన్ని ముప్ఫై ఆరేళ్లు కాపాడింది నేనే. ఆ ఉదయం బయటపెట్టిందీ నేనే.

లేచి సంచి జిప్పు తీశాను. పైనున్నవన్నీ నేలమీద పెట్టి అడుగునుంచి తువ్వాలు లాగాను. తక్కినవన్నీ మళ్లీ అదే వరసలో సర్దాను. మాత్రలు కూడా. అది చేస్తున్నంతసేపూ వాడు నా చేతుల వంకే చూస్తున్నాడు.

"బేగి వెళ్లు. బస్సు పోతుంది."

"అక్కా, కొట్టీ. ఒకటి కొట్టీ, అప్పుడెళ్తాను."

నేను తువ్వాలు మడతపెడుతూ కూర్చున్నాను. వాడు సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరు ప్రయాణమైనా నేను బస్టాండు దాకా వెళ్తాను. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడతాను. ఊళ్లో అందరూ నన్ను అందుకు ఎగతాళి చేస్తారు. ఆ వేళ కూర్చున్నచోటు నుంచి లేవలేదు. గేటు గొళ్లెం పడిన చప్పుడు విన్నాను, అంతే.

ఆదివారం సాయంత్రం మౌళి విశాఖపట్నం నుంచి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. తమ్ముడి పేరు మైకులో మూడుసార్లు పిలిచారట. మూడో లేన్ ఖాళీగా వదిలి తక్కినవాళ్లు ఈదారట. ఫలితాల కాగితంలో దక్షిణామూర్తి అని పేరు ఉంది, ఎదురుగా 'రాలేదు' అని రాసి ఉంది. మౌళి ఆ కాగితాన్ని నా చేతికి ఇచ్చాడు. పేరు వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఒక్క చూపుకే దొరికింది.

ఫోన్ మోగడం లేదు. అల్లిపురంలో అడిగించాం. ఏటికొప్పాకలో వాడు చిన్నప్పుడు ఈత నేర్చుకున్న ఏటి దగ్గర కూడా శ్రీరామ్ చూసి వచ్చాడు. పోలీసులకి ఫోటో ఇచ్చాం. తువ్వాలు బీరువాలో ఉంది. బీరువా తెరిచినప్పుడల్లా తలుపు లోపలి వైపు ఆఖరి వరస కనబడుతుంది.

మా తమ్ముడు దక్షిణామూర్తి 2024 నవంబరు 16, శనివారం, పదకొండు గంటల బస్సుకి వెళ్లాడు. తిరిగి రాలేదు.