నాలుగో గోరు

జానెడు పోగు, జానెడు కూడా ఉండదేమో, కానీ మా ఆడబిడ్డ సత్తెమ్మ కొంగు పట్టుకుని చూపించే తీరు చూస్తే కొత్వాల్‌గూడ నుంచి శంషాబాద్ దాకా ఆమె పట్టుచీరను నేనే విప్పుకుంటూ వచ్చానని అనుకుంటారు, లాగింది నేను కాదు, నా ఉంగరం, ఉంగరం కూడా కాదు, దాని ఎర్రరాయిని పట్టుకుని ఉండే నాలుగు బంగారు గోళ్ళలో ఒకటి, అరిగి అరిగి పైకి లేచింది, రేపు తన మనవరాలు మాధవీలత పెళ్ళికని కట్టుకుని చూస్తానంటే కొంగు సర్దుతున్నాను, పట్టులో దిగబడింది, చెయ్యి లాక్కుంటే పుటుక్కున విరిగింది, ఆమె కెవ్వుమంది, చీర కోసమా ఉంగరం కోసమా అని అడక్కండి, ఉంగరం కోసం ఆమె ఎన్నడూ కెవ్వుమనదు, రాయి పడితే పడనీ వదినా, గాజుముక్కనే గద, అంది, ముప్పై ఏళ్ళుగా అదే మాట.

ముప్పై ఏళ్ళ కింద మా ఆయన కుర్మయ్య ఈ ఉంగరం నా వేలికి తొడిగినప్పుడు కూడా ఆమెది అదే మాట, ఆయన మీసం మీద చెయ్యి వేసి, బర్రెను అమ్మి కొన్న అసలు కెంపే ఇది, విలాయత్ అలీ చేతి పని, కండ్లు పెట్టి చూడు, అన్నాడు, అప్పటి నుంచి నేనూ అసలు కెంపేనని చెప్పాను, బోరింగు దగ్గర చెప్పాను, నాట్లలో చెప్పాను, బురదలో చెయ్యి కనబడకపోయినా చెప్పాను, ఆయన పోయిన నాడు మట్టెలు తీస్తే ఊరుకున్నాను, పుస్తెలు తీస్తే ఊరుకున్నాను, ఉంగరం మీద చెయ్యి వేస్తే మాత్రం పిడికిలి బిగించాను, నలుగురు ఆడవాళ్ళు కలిసి కూడా విప్పలేకపోయారు, ఆ నలుగురిలో సత్తెమ్మ ఒకతి, ఇప్పుడు అదే సత్తెమ్మ శంషాబాద్‌లో ఇదే విలాయత్ అలీ దుకాణంలో నా పక్కన బల్ల మీద కూర్చుంది, చూడ్డానికి వచ్చాను అంది, ఏం చూడ్డానికో నాకు తెలుసు.

మా కన్నా ముందు బడంగ్‌పేట్ ఆవిడ ఉంది, ఆమెదీ కెంపుటుంగరమే, ఆమెదీ గోరే పోయింది, విలాయత్ అలీ భాయ్ కంటికి అద్దం తగిలించుకుని చూసి, రాయి ఉంగరంలో ఉండగానే సన్నటి మంట పెట్టాడు, అయ్యో రాయి పగులదా అని ఆవిడ, అసలు కెంపు మంటకు బెదరదమ్మా, తీసే జరూరత్ లేదు, అని ఆయన, ఎంత తీరుబడిగా అన్నాడో, పైన విమానం దిగుతుంటే దుకాణం అద్దాలు గజగజలాడాయి, అది పోయేదాకా ఆయన చెయ్యి ఆపి కూర్చున్నాడు, విమానం దిగితే చెయ్యి ఆపడం ఈ బజారులో పని చేసేవాళ్ళకు అలవాటు, అంతసేపూ ఏం తోచక గోడ మీది బోర్డు చదవడం మొదలుపెట్టాను, పైన ఉర్దూ, కింద తెలుగు, సునీత టీచర్ దగ్గర అక్షరాలు దిద్దుకుని రెండేళ్ళు కాలేదు, ఎక్కడ బోర్డు కనబడినా నా పెదాలు ఆగవు, గా, జు, గాజు, రా, ళ్ళు, గాజు రాళ్ళు, తీ, సి, గాజు రాళ్ళు తీసిన తరువాతే మంట పెట్టబడును, పగిలిన మా పూచీ లేదు.

చదవకపోతే బాగుండేది.

ఎందుకంటే ఇప్పుడు నా ఉంగరం ఆయన పట్టుకారులో ఉంది, ఇక నాకు గోరూ లేదు, చీరా లేదు, ఆ రెండు వేళ్ళు తప్ప లోకంలో ఇంకేం లేదు, రాయి తీస్తాడా తియ్యడా, తియ్యకు భాయ్, మనసులోనే నీకు దండం పెడుతున్నాను, నేరుగా మంట పెట్టు, ముప్పై ఏళ్ళు బోరింగు దగ్గర చెప్పుకున్నాను, గోళ్ళు వదులైనప్పుడల్లా మా ఆయనే తెచ్చేవాడు, నేనూ వస్తానంటే, నువ్వెందుకే, బస్సుల వాంతులైతయ్, అనేవాడు, ఈ రోజు రెండు బస్సులు ఎక్కాను, ఒక్క వాంతి కాలేదు, భాయ్ ఒకసారి నా మొహం చూశాడు, ఒకసారి సత్తెమ్మ మొహం చూశాడు, గొంతు సవరించుకున్నాడు, మిగిలిన మూడు గోళ్ళనూ ఒక్కొక్కటే మెల్లగా వెనక్కి వంచి, రాయిని తీసి గుడ్డ మీద పెట్టాడు.

కుర్మయ్యా, ఎంత పని చేశావు.

సత్తెమ్మ లేచి నిలబడింది, చదువు లేదు గానీ చెవులున్నాయి, ఏంది విలాయత్ అన్నా, గా అమ్మది తియ్యకుంట మంట పెడ్తివి, మా వదినెది తీస్తివేంది, అసలుదైతే తీసే జరూరత్ లేదంటివి గద, భాయ్, పాపం డెబ్బై ఏళ్ళ మనిషి, గడ్డం గోక్కున్నాడు, ఒక్క విమానమైనా రాదేం, పొద్దుటి నుంచి నెత్తి మీద నుంచే పోతున్నాయి, కావలసినప్పుడు ఒక్కటీ రాదు, నేనే లేచాను, ఎందుకు లేచానో తెలియదు, బోర్డు దగ్గరకు పోయి వేలు పెట్టి, సునీత టీచర్ మెచ్చుకునేంత గట్టిగా చదివాను, ముప్పై ఏండ్లు దాటిన అసలు కెంపులు తీసిన తరువాతే మంట పెట్టబడును, గిట్ల రాసి ఉన్నది వదినా, రాసిందానికి నేనేం చేస్త, పాతవి గద, నాజూకుగ ఉంటయ్, ఒక్క అక్షరం కూడా తడబడలేదు, సత్తెమ్మ బోర్డు వైపు చూసింది, నా వేలి వైపు చూసింది, భాయ్ కంటి అద్దం తీసి తుడుచుకుంటూ, బరాబర్ చదివినవ్ చెల్లె, అన్నాడు, కుర్మయ్య పటేల్ గూడ గింత మంచిగ చదవకపోతుండె.

ఆ తరువాత ఆయన కొత్త గోరు అతికించి, చల్లారాక రాయిని కూర్చోబెట్టి, నాలుగు గోళ్ళనూ ఎదురెదురుగా, ఇటొకటి అటొకటి, కొంచెం కొంచెం వంచుకుంటూ వచ్చాడు, ఒక్కదాన్నే గట్టిగా నొక్కితే రాయి పగులుతుందట, చివర గోళ్ళ కొసలు నున్నగా రుద్ది, నీ కొంగు ఇయ్యమ్మా అని సత్తెమ్మ కొంగు తీసుకుని రాయి మీదుగా లాగాడు, ఒక్క పోగు తగులుకోలేదు, ఉంగరం నా వేలికి వచ్చింది, గాజు, గాజే, కానీ ఏం మెరుస్తోంది, ఈ గాజుముక్క కోసం ఆ మనిషి బతికినన్నాళ్ళూ ఒంటరిగా బస్సులెక్కి తిరిగాడు, తిట్టుకుందామంటే నవ్వొస్తోంది.

బస్‌స్టాప్‌లో సత్తెమ్మ నెమ్మదిగా, వదినా, ఆ సునీత టీచరమ్మ నాకు గూడ చెప్తదా, జర బోర్డులన్న చదువుకుంట, అంది, నేను ఆలోచించలేదు, నోరు దానంతట అదే తెరుచుకుంది, ఎందుకు వదినా ఈ వయసుల, కండ్లు పోతయ్, అన్నాను, అన్నాక నా మాట నాకే వినబడింది, మాటే కాదు, గొంతు కూడా, ప్రతి దసరాకూ నేను పలక కొనమని అడిగితే మీసం మీద చెయ్యి వేసి ఆయన చెప్పిన మాట అక్షరం పొల్లు పోకుండా అదే, ఎందుకే ఈ వయసుల, కండ్లు పోతయ్, నా కళ్ళ మీద ఆయనకెంత ప్రేమో అనుకునేదాన్ని, ఆయన భయపడింది నా కళ్ళ కోసం కాదు, ఆ బోర్డుకు.