అత్తగారి పెట్టుబడి

మా అత్తగారు ఆసుపత్రిలో ఆయాగా రిటైరై, డబ్బు చేతికందిందో లేదో, ఇంట్లో సలహాదారులు పుట్టుకొచ్చారు. బెల్లం ఉన్నచోట ఈగలు ముసరడం వింతేం కాదు. ఆ ఈగలన్నీ మా ఇంటివే కావడంతో నాకు ఒళ్లు మండింది.

ఆడపడుచు భర్త ఊరి చివర ఖాళీ స్థలం కొనమన్నాడు. మా ఆయన చాటుగా ఆయన్ని ప్లాట్ల బావ అంటాడు. "కొని పడేయండి అత్తయ్యా. పదేళ్లు అటు చూడకండి, అదే పెరుగుతుంది."

"అందులో పడుకోవచ్చా బాబూ?" అని అడిగింది మా అత్తగారు.

"ఖాళీ స్థలంలో ఎలా పడుకుంటారు?"

మా మరిది ఫోను చూపించాడు. పెద్ద పెద్ద ఆఫీసు భవనాల్లో చిన్న వాటాలు కొనొచ్చట. అద్దెలో మన వంతు మనకొస్తుందట, అవసరమైతే అమ్ముకోవచ్చట.

"ఆ భవనాల్లో పడుకోనిస్తారా?"

వాడు నవ్వాడు. లిఫ్టు మెకానిక్కైన మా ఆయన పాత ఇల్లు చవగ్గా కొని, బాగుచేసి అమ్ముదామన్నాడు. అందులో మాత్రం పడుకోవచ్చట, అమ్మేదాకా.

"ముందు మన వంటింట్లో కారే కుళాయి సంగతి చూడండి" అన్నాను నేను.

నిజానికి ఎవరి మాటా తప్పు కాదు. స్థలానికి ఓపిక కావాలి, వాటాలకు ధర పడినా తట్టుకునే గుండె కావాలి, బాగుచేసి అమ్మడానికి తీరిక కావాలి. మా అత్తగారికి కావలసింది ఎవరూ ఖాళీ చేయమనని ఇల్లు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఉన్నవన్నీ అద్దెకొంపలే. అప్పుడున్న ఇల్లు కూడా ఖాళీ చేయమన్నారు. మళ్లీ సామాను సర్దే ఓపిక తనకు లేదని నాతో ఒక్కదానితోనే చెప్పుకుంది.

అందుకే మార్కెట్ వెనక ఉన్న పాత మేడ ఇల్లు నేనే చూపించాను. కింద మనం ఉండి పైన అద్దెకిస్తే, ఆ అద్దెతో బ్యాంకు వాయిదా తీరుతుందని చెప్పాను.

"అద్దెకెవరూ రాకపోతేనో వదినా?" అన్నాడు మరిది.

వాడి నోట్లో ఏం మహత్తుందో గానీ, మేం కొని దిగాక ఎవరూ రాలేదు. 'అద్దెకు ఇవ్వబడును' బోర్డు ఎండకు వెలిసింది. వాయిదాలు మా ఆయన జీతాన్ని మింగేస్తున్నాయి. ఇల్లు అమ్మేద్దామన్న మాట కూడా వచ్చింది. సలహా నాదే కాబట్టి నేను ఎవరి మొహమూ చూడలేకపోయాను.

ఒక ఆదివారం గుమ్మంలో ఎవరో మాట్లాడినట్టు వినిపించి, వంటింట్లోంచి బయటికొచ్చాను.

"ఎవరత్తయ్యా?"

"ఎవరో మొగుడూ పెళ్లాలు. ఓనరుగారున్నారా అని అడిగారు. లేరు, ఊరెళ్లారని పంపించేశాను" అంది తాపీగా.

జన్మంతా అద్దె అడగడానికి వచ్చేవాళ్లకీ, ఓనరు కోసం వెతికేవాళ్లకీ జవాబు చెప్పి చెప్పి అలవాటైన నోరు అది. నేను నోరు తెరిచేలోగానే ఆవిడకు తట్టింది. మోకాళ్ల నొప్పులని మంచం దిగడానికే మూలిగే మనిషి, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది.

"ఆగండమ్మా, ఓనర్ని నేనే" అంది రొప్పుతూ.

ఆ అమ్మాయి అనుమానంగా చూసింది. "ఇందాక లేరన్నారు కదండీ?"

"ఇప్పుడే వచ్చాను" అంది మా అత్తగారు.