చూడకుండా పెట్టిన టిక్కు

దేన్ని చూసినా అందులోంచి దేవుడి వాక్యం తీసే మనిషి ఆ లిఫ్టు మెకానిక్కు. వారమంతా నీలం చొక్కా, మోచేతుల దాకా గ్రీజు. ఆదివారం మాత్రం మడత నలగని తెల్లచొక్కా వేసుకుని ప్రార్థన మందిరంలో ముందు వరసలో కూర్చునేవాడు. పాస్టరుగారికి ఒంట్లో బాగోకపోతే ప్రసంగం అతనిదే. "పాపం తుప్పులాంటిది. చప్పుడు చెయ్యదు, తన పని తాను చేసుకుపోతుంది" అంటే ఎవరికైనా ఇట్టే అర్థమయ్యేది. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా తలలూపేవాళ్లు.

"మీకు చీపురు కనబడినా ప్రసంగమే. ఊడవడం మాత్రం నా వంతు" అనేది అతని భార్య. అతను నవ్వేసేవాడు.

ఆ రోజు నాలుగంతస్తుల భవనంలో నెలవారీ తనిఖీ. మొత్తం పన్నెండు అంశాలున్న కార్డు. పదకొండు చూశాడు. పన్నెండోది లిఫ్టు జారకుండా పట్టి ఉంచే బ్రేకు పట్టీ. అది చూడాలంటే డాబా మీది మోటారు గదికెక్కి, మూత విప్పి, దీపం పెట్టి చూడాలి. అరగంట పని. సరిగ్గా అప్పుడే ఆదివారం ప్రసంగానికి మంచి ఆలోచన ఒకటి తట్టింది. జారిపోతుందేమోనని మెట్ల మీదే కూర్చుని చిన్న పుస్తకంలో రెండు పేజీలు రాసుకున్నాడు. లేచేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పోయిన నెల బాగానే ఉందిగా అనుకున్నాడు. పన్నెండో గడిలో కూడా టిక్కు పెట్టి, కింద సంతకం చేశాడు.

తొమ్మిదో రోజున ఆ లిఫ్టు రెండో అంతస్తు నుంచి జారి కింది గుంటలో పడింది. అందులో ఉన్నది ఒక్క మనిషే. నాలుగో అంతస్తులో బట్టలు కుట్టుకుని బతికే ఆవిడ, వాళ్ల మందిరానికే వచ్చే విశ్వాసురాలు. ఆవిడ గుడ్డల మూటలు నాలుగు లిఫ్టులోకి ఎక్కించింది ఆ భవనం కాపలా చూసే పెద్దాయన. ఆవిడ కుడికాలు మడమ దగ్గర రెండు చోట్ల విరిగింది. మిషను తొక్కే కాలే అది.

ఏమైందో చూడ్డానికి లిఫ్టు కంపెనీవాళ్లు పంపింది కూడా మెకానిక్కునే. మూత విప్పి చూస్తే పట్టీ అరిగి ఇనుము బయటపడి ఉంది. ఒక్కరోజులో అరిగేది కాదు. చూసి ఉంటే కనబడేది. కాసేపు అక్కడే మోకాళ్ల మీద ఉండిపోయాడు. తర్వాత కొత్త పట్టీ బిగించి, పాతది జేబులో వేసుకుని, కిందికొచ్చి కాగితం మీద "బరువు ఎక్కువైంది" అని రాశాడు.

అంతే. మాట మూటల మీదికి పోయింది, మూటల మీంచి పెద్దాయన మీదికి పోయింది. "ఎన్ని పెట్టాలో తెలియదా నీకు?" అని భవనం వాళ్లు ఆయన్ని అప్పటికప్పుడు పనిలోంచి తీసేశారు. ఆయన ఎదురు చెప్పలేదు. గొడుగూ, అన్నం గిన్నే తీసుకుని వెళ్లిపోయాడు.

ఆసుపత్రికి వెళ్లి మెకానిక్కు ఆవిడ మంచం పక్కన నిలబడ్డాడు. "అన్నా, ప్రార్థన చెయ్యి. నీ ప్రార్థన దేవుడు వింటాడు" అంది ఆవిడ. చేశాడు. ఎప్పుడూ ధారగా వచ్చే మాటలు ఆ రోజు ఒక్కొక్కటే, బండరాళ్లు దొర్లించినట్టు వచ్చాయి. ఆమెన్ అన్నాక ఆవిడ అతని చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది.

ఆ తర్వాత అతను చెయ్యని సాయం లేదు. పళ్లు మోశాడు. కాలితో పనిలేకుండా ఆవిడ మిషనుకి మోటారు బిగించాడు. చూసినవాళ్లు "ఏ జన్మకు తోబుట్టువో" అన్నారు. ఆ పొగడ్త వింటుంటే పుండు మీద కారం చల్లినట్టుండేది. తనేం చేస్తున్నాడో తనకి తెలుసు. పాత గోడకి సున్నం వేస్తున్నాడు.

నెల దాటాక ఒక శనివారం పొద్దున్నే పాస్టరుగారు కబురు పెట్టారు. ఆవిడ రేపు కర్రల సాయంతో మందిరానికి వస్తోంది, దేవుడు ఆవిడ ప్రాణం కాపాడిన సంగతి మీద నువ్వే నాలుగు మాటలు చెప్పాలి, అని. మెకానిక్కు కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏమైంది మీకు? నెల రోజుల్నించీ చూస్తున్నాను, మింగలేక కక్కలేక ఉన్నారు" అంది భార్య.

జేబులోంచి తీసి పట్టీ బల్ల మీద పెట్టాడు. మొత్తం చెప్పాడు. ఆమె పట్టీని అతని వైపే జరిపి అంది: "నాకు చెప్పి ఏం లాభం? నా కాలు విరగలేదు. నా పని పోలేదు."

"దేవుడి ముందు రోజూ ఒప్పుకుంటూనే ఉన్నాను."

"ఆయనకి ముందే తెలుసుగా. తెలియనివాళ్లకి చెప్పండి."

ముందు కంపెనీ ఆఫీసుకి వెళ్లాడు. అధికారి పట్టీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరూ అడగని సంగతి ఎందుకయ్యా తవ్వుకుంటావు?" అన్నాడు. అతను నిలబడే ఉన్నాడు. చివరికి అధికారి విసుగ్గా ఒక కాగితం ముందుకు తోశాడు. జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాడు.

అక్కడి నుంచి నాలుగో అంతస్తుకి వెళ్లాడు. ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. అతను చెప్పింది వింటున్నంతసేపూ దారం సూది బెజ్జం దగ్గరే ఆగిపోయింది.

"ఆసుపత్రిలో ప్రార్థన చేసినప్పుడు తెలుసా నీకు?" అంది.

"తెలుసు చెల్లెమ్మా."

"కాలు పోతే పోయింది. అది ఆ టిక్కు పెట్టిన చెయ్యి అని తెలియక కళ్లకద్దుకున్నాను చూడు." ముఖం గోడ వైపు తిప్పుకుంది. "వెళ్లన్నా. ఇప్పుడేం మాట్లాడకు."

మెట్లు దిగుతుంటే ఇంటికి పోదామనిపించింది. పోలేదు. అడుగుతూ అడుగుతూ పెద్దాయన ఇల్లు పట్టుకున్నాడు. ఒక్కటే గది. ఆయన గుమ్మంలో కూర్చుని చెప్పుకి కుట్టు వేసుకుంటున్నాడు. మందిరం మొహం ఎరగని మనిషి. తిడతాడనే అనుకున్నాడు మెకానిక్కు. కొట్టినా పడదామనే వచ్చాడు.

"బాబాయ్, ఆ మూటల వల్ల కాదు. అంతకు రెట్టింపు బరువైనా మోసే లిఫ్టది. బ్రేకు అరిగింది. నేను చూడలేదు. చూశానని రాశాను. ఆ తర్వాత దాచాను."

పెద్దాయన చెప్పు పక్కన పెట్టాడు. "మూటల వల్ల కాదా?"

"కాదు."

"నిజంగా కాదా మేస్త్రీ?"

"ప్రమాణపూర్తిగా కాదు."

అప్పుడు ఆ ముసలాయన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. "నేనే ఆ తల్లి కాలు విరగ్గొట్టాననుకున్నానయ్యా ఇన్నాళ్లూ. నాలుగో మూట వద్దంటే పోయేదే అని... అన్నం ముందు కూర్చుంటే ఆ కేకే వినబడేది. పని పోవడం ఏముంది, దానికి తగినవాణ్ణే అనుకున్నాను."

మెకానిక్కు తన తప్పు గాలిలో కలిసిపోయిందనుకున్నాడు. కలవలేదు. ఏ పాపం ఎరగని ఒక మనిషి దాన్ని పొద్దస్తమానం వీపున మోశాడు. మన పాపం ప్రభువు మోశాడని పాతికేళ్లుగా వేదిక మీద ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. మోయడమంటే ఎలా ఉంటుందో, ఎదురుగా చూడడం ఇదే మొదలు. అక్కడే నేల మీద కూర్చున్నాడు.

కాసేపటికి పెద్దాయనే కళ్లు తుడుచుకుని లోపలికి కేకేశాడు. "ఇదిగో, ఓసారి ఇటు రా. నువ్వు కూడా నన్నే తప్పుపట్టావుగా, ఈ మేస్త్రీ ఏం చెబుతున్నాడో విను." ఆయన భార్య వచ్చి నిలబడితే, మెకానిక్కు మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. ఆమె దులిపేసింది. న్యాయమే అనుకుని తల వంచుకున్నాడు. ఆమె తిట్లు అయ్యేదాకా ఆగి, పెద్దాయన చెంబుతో నీళ్లు తెచ్చి అతని చేతికిచ్చాడు. "తాగు. పొద్దున్నించీ ఏమీ తిన్నట్టు లేవు. లోపలికి రా, ఉన్నదేదో తిందాం."

తనకి తగని అన్నం అది. తిన్నాడు.

మర్నాడు మందిరంలో అతను వేదిక ఎక్కాడు గానీ ప్రసంగం చెప్పలేదు. ఏ పోలికా తేలేదు. తను చూడనిది చూశానని రాయడం, దాచడం, ఒక నిర్దోషి మీదికి తోసెయ్యడం, మూడు ముక్కల్లో చెప్పి దిగిపోయాడు. ఆ వేళ ఎవరూ తలలూపలేదు. కుట్టుపని ఆవిడ కర్రలు ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

కంపెనీ అతన్ని తీసేసింది. లిఫ్టులు ముట్టుకునే అనుమతి కూడా రద్దయింది. ఇప్పుడు గేట్లు చేసే చోట ఇనుము కోస్తున్నాడు. భవనం వాళ్లు పెద్దాయన ఇంటికొచ్చి తప్పయిందని పనిలోకి రమ్మన్నారు. ఆయన వారం ఆలోచించి వెళ్లాడు. మందిరంలో మెకానిక్కు చోటు ఇప్పుడు చివరి వరస.

వాన కురిసిన ఒక ఆదివారం, ప్రార్థనయ్యాక అందరూ వెళ్లిపోతుంటే, కుట్టుపని ఆవిడ గుమ్మం దగ్గర ఆగిపోయింది. మూడే మెట్లు, కానీ తడిసి నున్నగా ఉన్నాయి. వెనకనుంచి వస్తున్న అతన్ని చూసింది. నాలుగు నెలల్లో మొదటిసారి పలకరించింది.

"చెయ్యివ్వన్నా, దిగాలి."

అతను చెయ్యి చాచాడు. ఆవిడ బరువంతా దాని మీద వేసి మొదటి మెట్టు దిగింది.

"నా మనసు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను" అంది, కిందికే చూస్తూ.

"అడుగు చెల్లెమ్మా."

"నువ్వు కాస్త నెమ్మదిగా దిగు. నాకు తొందరేం లేదు."